సిరా వేసిన చెయ్యి

జింకు రేకుకు బూడిద రంగు తెలియదు. దానికి తెలిసినవి నలుపు, తెలుపు మాత్రమే. లెటర్‌ప్రెస్ కాలంలో పత్రికలకు బొమ్మలు వేసినవాళ్ల కష్టమంతా ఈ ఒక్క నిబంధన చుట్టూనే తిరిగింది. ఆర్టిస్టు ఇచ్చిన బొమ్మను పెద్ద కెమెరాతో ఫొటో తీసేవారు. ఆ నెగటివును మందు పూసిన జింకు రేకు మీద పరిచి గట్టి వెలుతురు పట్టించేవారు. వెలుతురు తగిలినచోట మందు గట్టిపడుతుంది, తగలనిచోట కడిగితే పోతుంది. తర్వాత రేకును నైట్రిక్ ఆమ్లంలో పెడితే మందు లేని లోహం తినుకుపోయి గీతలు మాత్రం ఎత్తుగా నిలుస్తాయి. దాన్ని చెక్క దిమ్మకు కొడితే బ్లాకు. సీసపు అక్షరాల పక్కన ఆ బ్లాకును బిగించి, రెంటికీ ఒకేసారి సిరా పూసి కాగితం మీద అద్దేవారు.

ఈ దారిలో పెన్సిలు గీత బతకదు. కెమెరా దాన్ని సగం పట్టుకుని సగం వదిలేస్తుంది. బ్లాకులోకి వచ్చేసరికి గీత తునకలు తునకలవుతుంది. ఫొటోల కోసం చుక్కల బ్లాకు వేరే ఉండేది గానీ దానికి ఖర్చెక్కువ, మోటు న్యూస్‌ప్రింటు మీద అది మసకబారేది కూడా. అందుకని పెన్సిలుతో కట్టిన బొమ్మ మీద పాళీతోనో కుంచెతోనో ఇండియన్ ఇంకు పెట్టి మళ్లీ గీయాలి. సిరా ఆరాక పెన్సిలును రబ్బరుతో తుడిచేయాలి. అంటే పాఠకుడు చూసే బొమ్మలో పెన్సిలుది ఒక్క గీత కూడా మిగలదు. కనిపించేదంతా సిరానే.

అమెరికాలో ఈ రెండో గీత వేరే ఉద్యోగమైంది. 1936లో విల్ ఐస్నర్, జెర్రీ ఐగర్ కలిసి న్యూయార్కులో పెట్టిన స్టూడియో లాంటి చోట్ల కామిక్ పుస్తకం ఫ్యాక్టరీ సరుకులా తయారయ్యేది. ఒకరు కథ రాస్తారు, ఒకరు పెన్సిలు పడతారు, ఒకరు బుడగల్లో మాటలు రాస్తారు, ఇంకొకరు సిరా వేస్తారు. ఆ సిరా వేసే మనిషి పేరే ఇంకర్. నెలకో పుస్తకం బయటికి రావాలంటే ఒక్క మనిషి వల్ల కాదు గనక పని పంచారు. కళాసిద్ధాంతం ఏదో ఆలోచించి చేసిన విభజన కాదది, గడువు చేసిన విభజన. చాలాకాలం ఆ మనిషి పేరు పుస్తకంలో ఎక్కడా ఉండేది కాదు. 1960ల మొదట్లో మార్వెల్ సంపాదకుడు స్టాన్ లీ కథ మొదటి పేజీలో రచయిత, పెన్సిలర్, ఇంకర్, అక్షరాలు రాసినవాడు అని అందరి పేర్లూ వేయడం అలవాటు చేశాకే, ఆ చివరి గీత ఎవరిదో పాఠకులకు తెలిసింది.

తెలిశాక తేడాలు కూడా కనిపించాయి. ‘ఫెంటాస్టిక్ ఫోర్’ బొమ్మలు జాక్ కిర్బీవి. 1965లో 44వ సంచిక నుంచి ఆ బొమ్మలకు జో సిన్నాట్ సిరా వేశాడు. అంతకుముందు సంచికలు, ఆ తర్వాతివి పక్కపక్కన పెట్టి చూస్తే కిర్బీ అదే కిర్బీ, కానీ ఇనుముకు ఇనుము మెరుపు, మాంసానికి మాంసం మెత్తదనం సిన్నాట్ చేతిలోనే వచ్చాయి. అదే కిర్బీ గీసిన ‘థార్’ బొమ్మలకు విన్స్ కొలెట్టా సిరా వేసేవాడు. గడువులోపల పేజీలు అప్పగించడంలో అతన్ని మించినవాడు లేడని సంపాదకులకు గురి. ఆ వేగం ఎక్కడినుంచి వచ్చిందంటే, కిర్బీ గీసిన గుంపులో కొందరు మనుషులను, మేడలకున్న కిటికీలను కొలెట్టా తుడిచేసేవాడు. ఒకడు కలిపాడు, ఒకడు తీసేశాడు. ఇద్దరి ఉద్యోగం పేరూ ఒకటే.

1997లో వచ్చిన ‘చేజింగ్ ఏమీ’ అనే సినిమాలో ఇంకర్‌ను పట్టుకుని నువ్వు గీత మీద గీత దిద్దేవాడివే కదా అని ఎగతాళి చేసే సీను ఒకటుంది. అమెరికాలో ఆ వృత్తివాళ్లను అది ఇప్పటికీ వెంటాడుతుంది. 2008లో బాబ్ ఆల్మండ్ అనే ఇంకర్ తమవాళ్ల కోసమే ‘ఇంక్‌వెల్’ అవార్డులు మొదలుపెట్టాడు. అందులోని హాల్ ఆఫ్ ఫేమ్‌కు సిన్నాట్ పేరే పెట్టారు. తొంభై దాటిన వయసులో, 2019 దాకా స్పైడర్‌మ్యాన్ ఆదివారం స్ట్రిప్పుకు సిరా వేస్తూనే ఉన్న సిన్నాట్ 2020లో పోయాడు.

మరి మన దగ్గర? మన పత్రికల్లో పెన్సిలూ పాళీ ఒక్క చేతిలోనే ఉండేవి. అయితే బొమ్మ కట్టడం ఒక పని, దానికి చివరి నల్ల గీత పెట్టడం ఇంకో పని అనే తెలివిడి మాత్రం ఇక్కడ పత్రికలకన్నా చాలా పాతది. నల్గొండ, పాలమూరు పల్లెల్లో పటం కథ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పద్మశాలీలకు కూనపులివాళ్లు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవారు. గౌండ్లకు గౌడ జెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో ఆశ్రిత కులం, ఒక్కో పటం. గజం వెడల్పున్న బట్ట మీద పైనుంచి కిందికి గడులు గడులుగా బొమ్మలు. కథ నడుస్తుంటే పటం చుట్ట విప్పుతూ పోతారు. నలభై, యాభై అడుగుల పటాలు కూడా ఉన్నాయి. చేనేత మగ్గాలున్న పుట్టపాక, చండూరు, పోచంపల్లి లాంటి ఊళ్లున్న పాత నల్గొండ జిల్లాకు గడుల్లో కథ చదవడం అమెరికా వాడొచ్చి నేర్పాల్సిన సంగతి కాదు.

ఆ పటాలు రాసేది నకాషీలు. వాళ్ల ఊరు చేర్యాల, పాత వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట కింద ఉంది. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు. దాని మీద కుంచెతో బొమ్మ కడతారు. వెనక నేల మొత్తం ఎరుపు నింపుతారు. తర్వాత ఒంటి రంగులు, బట్టల రంగులు, నగలు. ఈ నింపే పనిలో ఇంటిల్లిపాదీ ఉంటారు, ఆడవాళ్ల చెయ్యి తప్పకుండా ఉంటుంది. అన్నీ అయ్యాక, చిట్టచివర, దీపం మసితో చేసిన నలుపుతో కండ్లు, ముక్కు, వేళ్ల సందులు, చీర అంచులు తీస్తారు. అప్పటిదాకా రంగు ముద్దగా ఉన్న ఆకారం ఆ గీత పడ్డాకే మనిషో దేవుడో అవుతుంది. చేయి తిరిగిన పెద్దవాళ్లు చేసే పని అది. నా మట్టుకు మన నేల మీద ఇంకర్ అంటే మొదట గుర్తుకురావాల్సింది ఆ కుంచె పట్టిన నకాషీనే. ఆయన పేరు కూడా పటం మీద ఉండదు.

అన్ని కథలకూ పటం ఉండాలని లేదు. అదే డక్కలి సంప్రదాయంలో పటం లేకుండా కిన్నెర మీటుతూ కథ చెప్పేవాళ్లున్నారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ పన్నెండు మెట్ల కిన్నెరకే.

శ్రీకాళహస్తి కలంకారీలో ఈ పని విభజన ఇంకా కచ్చితంగా ఉంటుంది. కాల్చిన చింతబరిక బొగ్గుతో పెద్దాయన బట్ట మీద బొమ్మ కడతాడు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెట్టిన కసిమిలో కలం ముంచి ఆ బొగ్గు గీతల మీద నల్ల గీత తీస్తారు. బట్టను ముందే కరక్కాయ రసంలో ముంచి ఉంటారు గనక కసిమి తగలగానే గీత నల్లబడుతుంది. బొగ్గు దులిపితే పోతుంది, కసిమి గీత ఉతికినా పోదు. పెన్సిలు, ఇండియన్ ఇంకు, రబ్బరు చేసే పని అక్కడ బొగ్గు, కసిమి, నీళ్లు చేస్తున్నాయి.

హైదరాబాద్ రాజ్యంలో సిరా మీద బతికిన మరో జాతి ఉంది. వాళ్లు కాతిబులు. ఉర్దూ లిపికి సీసపు అక్షరాలు సరిగా కుదరక నిజాం కాలం నుంచీ ఉర్దూ పత్రికలు రాతిఅచ్చులోనే నడిచాయి. విలేఖరి గొలుసుకట్టులో రాసిచ్చిన వార్తను కాతిబ్ పూత పూసిన కాగితం మీద నస్తాలిక్‌లో ముచ్చటగా రాసేవాడు. ఆ రాత రాతిపలక మీదికో, తర్వాతి రోజుల్లో ఆఫ్‌సెట్ ప్లేటు మీదికో ఎక్కేది. మాట ఒకరిది, కంటికి కనిపించే రూపం ఇంకొకరిది. 1949లో మొదలైన ‘సియాసత్’ కూడా చాలా ఏళ్లు కాతిబుల చేతి మీదే నడిచింది. 1990లలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ కొలువులు పోయాయి. ఛత్తా బజార్‌లో పెండ్లి పత్రికలు రాసే పనికి కొందరు మళ్లారు.

తెలుగు వైపు సీసపు అక్షరాలు కుదిరాయి, బొమ్మే కుదరలేదు. 1922లో నల్గొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రిక నడిపారు. పాలమూరు జిల్లా ఇటిక్యాలపాడులో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదులో ‘గోలకొండ’ పెట్టారు. ఈ పత్రికల పోరాటం భాష కోసం, బడుల కోసం, వెట్టికి వ్యతిరేకంగా. తెలుగులో పత్రిక నిలబెట్టడమే గగనమైన రాజ్యంలో బొమ్మల సంగతి వెనకబడింది. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి తెలంగాణలో కవులు లేరన్నవాళ్ల నోరు మూయించిన సురవరం, తెలంగాణ గీతకారుల సంచిక కూడా ఒకటి తెచ్చి ఉంటే మన పని ఇప్పుడు తేలికయ్యేది. ఆశకు హద్దు ఉండాలి లెండి.

గీత మద్రాసు నుంచి వచ్చింది. 1947 జులైలో మొదలైన ‘చందమామ’లో చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలు ఊరూరికీ చేరాయి. చిత్ర గీత తెరిపిగా, పిల్లల కంటికి సులువుగా ఉంటే, శంకర్ పాళీ మాత్రం గుర్రం జూలునూ రాజు గడ్డాన్నీ వెంట్రుక వెంట్రుకగా లెక్కపెట్టేది. బాపు గీత అందరికీ తెలిసిందే. కవి కృష్ణశాస్త్రిగారబ్బాయి బుజ్జాయి పంచతంత్రాన్ని గడుల బొమ్మల్లో చెప్పి ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ’ దాకా తీసుకెళ్లారు. వీళ్లంతా తమ పెన్సిలుకు తామే సిరా వేసుకున్నవాళ్లు. పారితోషికం ఒక్కరికి ఇవ్వడమే కష్టమైన పత్రికల్లో ఇద్దరిని పెట్టుకునే మాట ఎవరెత్తుతారు?

అందువల్ల ఒక లాభం జరిగింది, ఒక నష్టం జరిగింది. గీత మొదటినుంచి చివరిదాకా ఒకరిదే కావడంతో సంతకం చూడకుండానే ఇది బాపు, ఇది మోహన్, ఇది చంద్ర అని పాఠకులు గుర్తుపట్టగలిగారు. అది లాభం. సిరా పని వేరే విద్యగా ఎవరూ చూడకపోవడంతో దాని గురించి మాట్లాడుకోవడం, రాసుకోవడం జరగలేదు. ఏ పాళీ, ఏ కాగితం, ఎంత సైజులో వేస్తే ఎంతకు కుదిస్తారు, ఏ గీత అచ్చులో పోతుంది, ఇదంతా ఆఫీసుల్లో పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్న విద్యగానే మిగిలింది.

ఆ విద్య చిన్నదేం కాదు. ఇండియన్ ఇంకులో ఉండేది మసి, దాన్ని కాగితానికి పట్టి ఉంచేది లక్క. ఆరిందంటే నీళ్లు పడ్డా చెదరదు. అదే సిరా కుంచెలో ఆరిందంటే కుంచె పోయినట్టే. కుడిచేతి వాటం వాళ్లు ఎడమ పక్కనుంచి మొదలుపెట్టాలి, లేకపోతే అరచెయ్యి తడి గీతను పులుముతుంది. పాళీ నొక్కితే రెండు మొనలు విచ్చుకుని గీత లావెక్కుతుంది, వదిలితే సన్నబడుతుంది. వెలుతురు పడే పక్కన సన్నగీత, నీడ పక్కన లావుగీత. దగ్గరున్నవాడికి లావు, దూరాన ఉన్న కొండకు సన్నం. ఎక్కడ నలుపు మొత్తంగా నింపాలో తేల్చుకోవడం అన్నిటికన్నా కష్టం. ఒక్క నల్లటి కోటు పడితే పాఠకుడి కన్ను ముందు అక్కడికే పోతుంది. తప్పు జరిగితే తెల్ల పోస్టర్ కలరు, ఇంకా కాకపోతే బ్లేడుతో గోకడం.

దినపత్రికకు ఇంకో చిక్కుంది. న్యూస్‌ప్రింటు సిరాను పీల్చుకుంటుంది. గీత పక్కకు పాకుతుంది. నున్నటి కాగితం మీద ముద్దుగా కనిపించే సన్నటి గీతల అల్లిక పత్రికలో నల్ల మరకవుతుంది. బొమ్మను పెద్దగా వేసి కుదించి అచ్చేస్తారు గనక కుదింపులో సన్నగీత అసలే మాయమవుతుంది. అందుకని పత్రిక కార్టూనిస్టు గీత కొంచెం బలంగా, గీతల మధ్య గాలి ఆడేలా ఉంటుంది. అది ఆయన స్వభావం అనుకుంటాం. అందులో సగం కాగితం స్వభావం. కొందరు లేత నీలం పెన్సిలుతో కట్టేవారు. బ్లాకు కెమెరా ఫిల్ముకు లేత నీలం తెల్లగానే కనిపిస్తుంది, రబ్బరుతో తుడిచే శ్రమ తప్పుతుంది.

ఇక నల్గొండ సంగతి. హైదరాబాద్ పత్రికల కార్టూన్ బల్లల దగ్గర నల్గొండ జిల్లావాళ్లు కనిపించడం గత మూడు నాలుగు దశాబ్దాల ముచ్చట. నా లెక్కలో దీనికి కారణం జిల్లా రాజకీయాల్లో ఉంది. సాయుధ పోరాటం నడిచిన నేల. సూర్యాపేట, నల్గొండ గోడలు నినాదాలు లేక ఖాళీగా ఉన్నదెప్పుడూ లేదు. ఒకరు సుద్దముక్కతో అక్షరాల హద్దు గీస్తే, మిగిలినవాళ్లు జాజుతోనో నీలిమందుతోనో నింపుతూ పోయేవాళ్లు. అక్షరం నిండుగా, దూరానికి కనిపించేలా, తెల్లారేలోపల అయిపోవాలి. ఈ మూడూ పత్రిక కార్టూన్‌కు కూడా కావాల్సిన గుణాలే. ఆర్ట్ కాలేజీ చదువు లేని ఎంతమంది చేతులకో ఆ గోడలే పలకలయ్యాయి. 2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చి ఆ పలకను లాక్కుంది.

ఆ తరానికి హైదరాబాదులో కనిపించిన పెద్ద గీత మోహన్‌ది. ఏలూరులో పుట్టిన తాడి మోహన్ విశాలాంధ్రలో చేసి, 1984లో దాసరి నారాయణరావు పెట్టిన ‘ఉదయం’లో రాజకీయ కార్టూన్‌కు కొత్త ఊపు తెచ్చారు. ఆయన కుంచె గీతలో తొందర ఉంటుంది, ఆ తొందరలో ఒక్క గీత కూడా దండగ ఉండదు. ఎన్నో ప్రజాసంఘాల పోస్టర్లు, పుస్తకాల అట్టలు డబ్బు మాట లేకుండా వేసిచ్చారు. ఆయన ఉన్న చోటే జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లకు బడి. ‘కార్టూన్ కబుర్లు’ అని పుస్తకం రాసి, గీతల గురించి తెలుగులో మాట్లాడుకోవడానికి ఒక దారి వేశారు. 2017లో పోయారు. బొమ్మ వేసేవాళ్లు రాయరు అనే మాటకు మన దగ్గరున్న గట్టి జవాబు ఆ పుస్తకమే.

సూర్యాపేట బిడ్డ శేఖర్. పూర్తి పేరు కంబాలపల్లి చంద్రశేఖర్, పుట్టింది 1965లో. ప్రజాశక్తిలో మొదలుపెట్టి, ఆంధ్రప్రభ మీదుగా ఆంధ్రజ్యోతికి వచ్చాక ఇంటింటికీ తెలిసిన పేరయ్యారు. శేఖర్ బొమ్మల్లో నాయకుల ముక్కులు, పొట్టలు నవ్విస్తాయి గానీ ఆ పక్కనే సామాన్యుడి బక్క వొళ్లు ఒకటుంటుంది. నాయకుడి గీత ఉబ్బుగా, సామాన్యుడి గీత విరిగినట్టుగా. ఇది సిరాలో తీసుకున్న నిర్ణయం. అదే బొమ్మకు అన్నీ ఒకే లావు గీతలు పెడితే జోకు మిగులుతుంది గానీ కోపం మిగలదు. క్యాన్సర్‌తో పోరాడుతూ కూడా ఆయన గీయడం మానలేదు. కులం మీద వేసిన కార్టూన్లన్నీ ‘క్యాస్ట్ క్యాన్సర్’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. ఒంట్లో ఉన్న రోగం పేరునే సమాజంలోని రోగానికి పెట్టిన ఆ ధైర్యాన్ని గురించి వేరే వ్యాసం రాయాలి. 2014 మే 19న, నలభై తొమ్మిదేళ్లు నిండకుండానే వెళ్లిపోయారు.

అదే 2014లో నల్గొండకే చెందిన పామర్తి శంకర్‌కు పోర్చుగల్‌కు చెందిన ‘వరల్డ్ ప్రెస్ కార్టూన్’ పోటీలో గ్రాండ్ ప్రి వచ్చింది. నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు దక్కిన బహుమతి అది. ప్రపంచంలోని పత్రికల బొమ్మలన్నీ పోటీకొచ్చే చోట ఒక తెలుగు దినపత్రిక ‘సాక్షి’ పేరు వినిపించింది. క్యారికేచర్ రాజకీయ కార్టూన్‌కన్నా వేరే విద్య. అక్కడ మాటల బుడగ ఉండదు, సందర్భం ఉండదు. ముఖం ఒక్కటే కథ మొత్తం చెప్పాలి. ముఖాన్ని ఎంత సాగదీసినా మనిషి జారిపోకూడదు.

ఆత్మకూరు పక్క కదిరేనిగూడెంలో పుట్టిన ఏలే లక్ష్మణ్‌ది మరో దారి. ఆయన చిత్రకారుడు. 2014లో కొత్త రాష్ట్రానికి కాకతీయ తోరణం, చార్మినార్‌లతో చిహ్నం రూపొందించింది ఆయనే. ప్రభుత్వ చిహ్నం కూడా చివరికి ఒక గీతల బొమ్మే. రబ్బరు స్టాంపులో అంగుళం సైజుకు కుదిస్తే చెదరకూడదు, కలెక్టరేటు గోడ మీద ఆరడుగులకు పెంచితే వెలవెలబోకూడదు. బ్లాకుల కాలంలో ఆర్టిస్టులు పడ్డ కుదింపు తిప్పలే ఇవి.

ఇప్పుడు బ్లాకూ లేదు, యాసిడూ లేదు. ఆఫ్‌సెట్ వచ్చినప్పుడే జింకు రేకు పోయింది. స్కానర్ వచ్చాక బూడిద రంగు కూడా అచ్చులోకి వచ్చేసింది. పెన్సిలు బొమ్మను ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. అమెరికాలోనే కొన్ని కామిక్స్ పెన్సిలు మీదే నేరుగా రంగులు వేసి తెస్తున్నారు. టాబ్లెట్ మీద గీసే కుర్రాడికి పెన్సిలు ఒక లేయరు, ఇంకు ఇంకో లేయరు. తప్పు పడితే వెనక్కి తీసుకునే మీట ఉండనే ఉంది. యానిమేషన్‌లో ఈ మార్పు ఎప్పుడో వచ్చింది. డిస్నీ స్టూడియోలో యానిమేటర్ల పెన్సిలు గీతలను పారదర్శకమైన షీట్ల మీద సిరాతో ఎత్తి రాసే విభాగంలో వందలకొద్దీ ఆడవాళ్లు పనిచేసేవారు. 1961లో వచ్చిన డాల్మేషియన్ కుక్కల సినిమాకు జిరాక్స్ పద్ధతి వాడటంతో ఆ సిరా చేతుల అవసరం తీరిపోయింది. కాతిబులకు 1990లలో జరిగింది వాళ్లకు ముప్పై ఏళ్ల ముందే జరిగింది.

సిరా అవసరం తీరినా సిరా గీత మాత్రం పోలేదు. అచ్చు యంత్రం అడగకపోయినా కార్టూన్ ఇప్పటికీ నల్ల గీతతోనే వస్తోంది. జింకు రేకు పెట్టిన నిబంధన కాస్తా పాఠకుడి రుచి అయిపోయింది. పొద్దున్నే చాయ్ తాగుతూ పత్రిక తిప్పేవాడికి అర నిమిషంలో బొమ్మ అందాలంటే నలుపు తెలుపులకు మించిన దారి ఇంకా దొరకలేదు. నకాషీలు కంప్యూటర్ ఎరగని కాలంలోనే ఎర్రటి నేల మీద మసి గీతను చివరికి అట్టిపెట్టుకున్నది కూడా ఇందుకే. రచ్చబండ దగ్గర దీపపు వెలుతుర్లో కూర్చున్న చిట్టచివరి మనిషికి కూడా బొమ్మ అందాలి.

ఒక తేడా మాత్రం బాధ పెట్టేది. టాబ్లెట్ మీద గీసిన బొమ్మకు అసలు ప్రతి అంటూ ఉండదు. కాగితం మీద సిరాతో వేసిన దానికి ఉంటుంది. అందులో అచ్చులో కనిపించని సంగతులుంటాయి. తుడిచినా మిగిలిన పెన్సిలు ఛాయ, తెల్ల రంగు పూసి దిద్దిన ముక్కు, అంచున ఎంత సైజుకు కుదించాలో రాసిన అంకె, వెనకాల తేదీ ముద్ర. ఆ ఆర్టిస్టు ఎక్కడ తడబడ్డాడు, ఎక్కడ మనసు మార్చుకున్నాడు అని తెలిసేది ఆ ఒక్క కాగితంలోనే. విదేశాల్లో ఇలాంటి పేజీలు వేలంలో లక్షలు పలుకుతాయి, మ్యూజియాల్లో అద్దాల కింద ఉంటాయి. మన పత్రికాఫీసుల్లో అచ్చయిపోయిన బొమ్మ బీరువా కిందికి, అక్కడినుంచి పాత పేపర్లవాడి తక్కెడలోకి పోయేది.

పానగల్లులో మ్యూజియం ఉంది. కందూరు చోడుల కాలపు శిల్పాలకు, శాసనాలకు అక్కడ నీడ దొరికింది. అందులోనో, జిల్లా గ్రంథాలయంలోనో ఒక్క గది నల్గొండ, పాలమూరు గీతకారుల అసలు బొమ్మలకు ఇవ్వడం రాష్ట్రానికి భారం కాదు. నాలుగు బీరువాలు, ఒక స్కానర్, ఓపికున్న ఒక మనిషి ఉంటే మొదలుపెట్టవచ్చు. పత్రికల యాజమాన్యాలు తమ గోదాముల్లో మిగిలినవి ఇస్తే ఇంకా మంచిది. ప్రతి బొమ్మ కింద ఎవరు కట్టారు, ఎవరు సిరా వేశారు, ఏ రోజు అచ్చయింది అనే మూడు సంగతులూ రాయాలి. చేర్యాల పటాల కింద కూడా అలాగే రాయాలి.

ఈ రెండు జిల్లాల్లో పత్రికలకు బొమ్మలు వేసినవాళ్ల ఇండ్లలో ఈ వ్యాసం చదువుతున్నవాళ్లుంటే వాళ్లకొక మాట. అటక మీది అట్టపెట్టెలు దించి చూడండి. ఇండియన్ ఇంకుతో వేసిన బొమ్మలకు తొందర లేదు, మసి సిరా వందేళ్లయినా రంగు మారదు. స్కెచ్ పెన్నుతో వేసినవి మాత్రం వెలుతురుకు ఏటేటా వెలిసిపోతాయి, వాటిని ముందు స్కాన్ చేయించండి. గమ్ము టేపు అంటించకండి, ల్యామినేషన్ చేయించకండి. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఒక తెల్ల కాగితం పెట్టి, ఎండా చెమ్మా తగలనిచోట పడుకోబెట్టి దాచండి. గీసినవారి పేరు, ఏడాది వెనకాల పెన్సిలుతో రాసి పెట్టండి.